పిలవని పండగ

ఆ ఏడు బుంగమిరప విరగకాసింది. సెప్టెంబరు వచ్చిందంటే మా నిష్ ఊళ్ళో ఏ వీధిలోకి వెళ్ళినా కాలిన మిరపకాయల వాసనే. ప్రతి పెరట్లోనూ ఒక రేకు పొయ్యి, పొయ్యి చుట్టూ మోచేతుల దాకా మసి పూసుకున్న ఆడవాళ్ళు, వాళ్ళ వెనక రాకియా సారా గ్లాసులు పట్టుకుని సలహాలు పారేసే మగవాళ్ళు. మామూలుగా అయితే మా పెరట్లో సలహాల గోల ఆదివారం పూటే. ఆ ఏడు మాత్రం రోజూ భరించాను, ఎందుకంటే సిటీ బస్సు డ్రైవర్లు సమ్మె మొదలుపెట్టి అప్పటికి పదకొండు రోజులైంది. మా ఆయన వుకాషిన్ ముప్ఫై నాలుగేళ్ళుగా పదో నంబరు బస్సు నడుపుతున్నాడు. సమ్మెకి నాయకుడు స్రెటెన్, మా కూమ్.

కూమ్ అంటే మా పెళ్ళిలో సాక్షిగా పక్కన నిలబడ్డవాడు. మా వైపు సొంత తమ్ముణ్ణయినా కోర్టుకీడుస్తారు గానీ కూమ్‌తో మాట తేడా రానివ్వరు. మా ఇళ్ళల్లో అతిథి గుమ్మంలో బూట్లు విప్పి, ఇంటివాళ్ళిచ్చిన చెప్పులు తొడుక్కుంటాడు. స్రెటెన్‌కి మా ఇంట్లో సొంత చెప్పులున్నాయి. గుమ్మం లోపల బీరువా కింది అరలో, గోధుమరంగువి, మడమ దగ్గర అరిగిపోయినవి. ఎంతమంది చుట్టాలొచ్చి చెప్పులు చాలకపోయినా వాటిని నేను ఇంకొకరికి ఇచ్చి ఎరగను.

పెరట్లో మూడో మగవాడు ఓద్వార్. నార్వేలో భూగోళం చెప్పి రిటైరైన మాస్టారు. రెండు రోజులుండి పోదామని మా ముందు గది అద్దెకి తీసుకున్నాడు. మూడో రోజు కోట మెట్ల మీద మోకాలు మడతపడింది, ఇక ఇక్కడే ఉండిపోయాడు. చేతిలో ఎప్పుడూ ఒక నీలం నోటుబుక్కు. మేం మాట్లాడిన ప్రతి ముక్కా, చేసిన ప్రతి పనీ అందులో ఎక్కాల్సిందే. మా భాష పదేళ్ళ పిల్లాడిలా మాట్లాడేవాడు, తప్పులున్నా భయం లేకుండా.

"రాసుకోండి మాస్టారూ," అన్నాడు స్రెటెన్ ఆ రోజు. "ఎదురెదురు కిటికీలు రెండూ ఒకేసారి తెరవకూడదు. మధ్యలో గాలి కొట్టి మనిషి చస్తాడు."

"నార్వేలో చావరు," అన్నాడు ఓద్వార్.

"మీకు బయటే చలి, లోపలికి వేరే గాలి ఎందుకు? మాకిక్కడ మా మేనత్త అలాగే పోయింది."

"మీ మేనత్త తొంభై మూడేళ్ళకి పోయింది," అన్నాను నేను మిరపకాయలు తిప్పుతూ.

"కిటికీ మూసుంటే నూరు దాటేది కూమా, నీకేం తెలుసు!"

వుకాషిన్ నవ్వుతూ గ్లాసులు నింపాడు. స్రెటెన్ తన గ్లాసెత్తి ఓద్వార్ గ్లాసుకి తగిలించి, అంతలోనే అతని గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకున్నాడు. "ఇటు, నా కళ్ళలోకి చూడాలి. చూడకుండా గ్లాసు తగిలించారంటే మనసులో ఏదో పెట్టుకున్నారని లెక్క. బతికున్నవాళ్ళ కోసం తాగేటప్పుడు గ్లాసు మోగాలి. చచ్చినవాళ్ళ కోసం తాగేటప్పుడు మోగకూడదు. రెండు చుక్కలు కింద పోసి, 'దేవుడు మన్నించాలి' అని ఊరుకోవాలి. అంతే."

ఓద్వార్ అది కూడా రాసుకున్నాడు. ఆ పేజీ తిప్పి, "నవంబరులో మీ ఇంటి పండగ. నన్ను పిలుస్తారా?" అని అడిగాడు.

ముగ్గురం ఒకేసారి నవ్వాం. మా ఇంటి వేలుపు పునీత దిమిత్రి. తండ్రి నుంచి కొడుక్కి దిగే పండగ, స్లావా అంటాం. "పిలిస్తే అది పుట్టినరోజు అవుతుంది మాస్టారూ," అన్నాడు స్రెటెన్. "స్లావాకి ఎవరూ ఎవర్నీ పిలవరు. తలుపు తీసి ఉంటుంది. తెలిసినవాడు తనంతట తానొస్తాడు, వచ్చినవాణ్ణి పగవాడైనా సరే పొమ్మనరు. పండగ రొట్టె ఒక పక్క వీడు పట్టుకుంటాడు, రెండో పక్క నేను పట్టుకుంటాను. ముప్ఫై ఒక్క ఏళ్ళ నుంచీ నేనే. వీళ్ళకి కొడుకుల్లేరు కదా."

వేరే ఎవరైనా ఆ మాటంటే ఊరుకునేదాన్ని కాదు. స్రెటెన్ అన్నాడు కాబట్టి ఏమీ అనిపించలేదు.

సమ్మె పద్దెనిమిదో రోజు ఆదివారం. మధ్యాహ్నం డిపో నుంచి కబురొచ్చింది. సోమవారం పొద్దున ఐదింటికి రాని డ్రైవర్లు ఇక ఎప్పటికీ రానక్కర్లేదని. వుకాషిన్ ఆ కాగితం చదివి, మడిచి, ఐవార్ మిరప పచ్చడి సీసాల మధ్య పెట్టాడు. ఏమీ జరగనట్టు మూతలు బిగిస్తున్నాడు.

"ఏం చేద్దామని?" అన్నాను.

"ఏముంది చెయ్యడానికి? ఎవరమూ వెళ్ళం."

"నీకు యాభై ఎనిమిది. పెన్షనుకి రెండేళ్ళు. ఇప్పుడు తీసేస్తే నిన్నెవడు పెట్టుకుంటాడు?"

"కూమ్‌కి మాటిచ్చాను పెర్సా."

"ఆ మాటని కూరొండుకు తినమంటావా?"

నాకు నోరు ఎక్కువ, ఆ సంగతి అందరికీ తెలుసు. ఆ మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. పొయ్యి దగ్గర, బావి దగ్గర, ఆయన గడ్డం గీసుకుంటుంటే అద్దం పక్కన. ఆఖరికి అనకూడని మాట అనేశాను. "స్రెటెన్‌కి ఇద్దరు కొడుకులున్నారు, ముసలితనంలో చూస్తారు. మనకెవరున్నారు?"

ఆయన యూనిఫారం చొక్కా తీసి ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించాను. పొద్దున లేచి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది.

సోమవారం ఊరు మొత్తానికీ పదో నంబరు బస్సు ఒక్కటే తిరిగింది. డిపో గేటు ముందు స్రెటెన్ చేతులు చాపి నిలబడ్డాడట. వుకాషిన్ బస్సు ఆపి, కిటికీ దించి, "పక్కకి జరుగు కూమా" అన్నాడట. స్రెటెన్ జరిగాడు. అది నాకు చెప్పింది పక్కింటి మిలుంకా. మా ఆయన చెప్పలేదు. మర్నాడు ఇంకో ఆరుగురు బస్సులు తీశారు, గురువారానికి అందరూ తీశారు. ఉద్యోగాలు పోయింది సమ్మె నడిపిన ముగ్గురికే, అందులో మొదటి పేరు స్రెటెన్‌ది.

ఇక అక్టోబరు ఎలా గడిచిందో దేవుడికెరుక. ఇరవయ్యేళ్ళుగా పొద్దున్నే మా వంటింట్లో కాఫీ తాగి, అడుగున మిగిలిన మడ్డిలో నా జాతకం చూసిపోయే మిలుంకా రావడం మానేసింది. పోనీ నేనే వెళ్దామని వెళ్తే కాఫీ అయిపోయిందంది. పొయ్యి మీద గిన్నె పొంగుతోంది, ఆ వాసన నాకు తెలీదా? రొట్టెల కొట్టులో నేనడుగు పెట్టగానే మాటలు ఆగిపోయేవి. డిపోలో వుకాషిన్‌తో ఎవరూ మాట్లాడేవారు కాదు. మర్నాడు ఆయన వెనకాలే బస్సులు తీసిన ఆ ఆరుగురు కూడా మాట్లాడలేదు. వాళ్ళ తప్పు కూడా ఈయన నెత్తినే పడింది, మొదట వెళ్ళినవాడు ఈయనే కాబట్టి.

ఇంటికొచ్చి ఒక్క మాట అనేవాడు కాదు. నువ్వే పంపావు అని ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి తిట్టి ఉంటే నేనూ తిరిగి తిట్టేదాన్ని, ఇద్దరం ఏడ్చేవాళ్ళం, తేలికపడేవాళ్ళం. ఆయన తిట్టలేదు. నాతో గానీ, ఊళ్ళో ఎవరితో గానీ ఆ మాట బయటపెట్టలేదు. అన్నం ముందు కూచుని చెంచాతో ఊరికే కెలికేవాడు. ఒకరోజు బస్సులో ఎవరో ముసలాయన టికెట్టు డబ్బులు చేతికివ్వకుండా కింద విసిరేసి ఏరుకోమన్నాడని విన్నాను. ఏరుకున్నాడని కూడా విన్నాను. నాకు చచ్చిపోవాలనిపించింది.

"మీ కూమ్ రావటం లేదేం?" అని అడిగాడు ఓద్వార్ ఒక పొద్దున.

"జలుబు చేసింది," అన్నాను.

"కిటికీ గాలా?"

"అవునండీ, కిటికీ గాలే."

నోటుబుక్కు తీయబోయి, నా మొహం చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

పండగ దగ్గర పడుతోంది. నవంబరు ఎనిమిది. ఈ ఏడు వంట తగ్గిద్దామా అని నేనడిగితే వుకాషిన్ ఒక్కటే మాటన్నాడు: "ఎప్పుడెంత చేస్తావో అంతే చెయ్యి." ఎప్పుడూ ముప్ఫై మందికి చేస్తాను. ముప్ఫై మందికి వండి ఆయన్ని ఆ ఖాళీ బల్ల ముందు ఎలా నిలబెట్టను? ముఖ్యంగా రొట్టె. రొట్టె రెండో పక్క ఎవరు పట్టుకుంటారు? రాత్రింబవళ్ళు అదే తలుచుకుని నా బుర్ర వేడెక్కిపోయింది. పండగ ఇంకా మూడు రోజులుందనగా, మార్కెట్‌కని చెప్పి నది దాటి స్రెటెన్ ఇంటికి వెళ్ళాను. మా అత్తగారు బతికుంటే, స్లావాకి మనిషిని పిలవడానికి గడప దిగిన కోడలి కాళ్ళు విరగ్గొట్టేది.

నాలుగో అంతస్తు. తలుపు అతనే తీశాడు. గడ్డం పెరిగిపోయింది. లోపలికి రమ్మనలేదు, చెప్పులివ్వలేదు, తలుపు వదల్లేదు.

"ఏంటి పెర్సిడా?" అన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

"శనివారం..."

"తెలుసు శనివారం ఏమిటో. పిలవడానికొచ్చావా?"

"అవును."

"ఇన్నేళ్ళు వచ్చాను. ఒక్కసారైనా పిలిచారా నన్ను?"

"లేదు."

"మరి ఇప్పుడెందుకు పిలుస్తున్నావు?"

"నువ్వు రావని."

స్రెటెన్ కళ్ళు దించుకున్నాడు. లోపల రేడియో మోగుతోంది, అతని భార్య ఎక్కడో గిన్నెలు సర్దుతోంది, బయటికి మాత్రం రాలేదు. నేను చెయ్యి పట్టుకున్నాను. "రొట్టె పట్టుకుని వెళ్ళిపో స్రెటెన్. ఒక్క ముద్ద తినకపోయినా ఫర్వాలేదు. ఆయన తిండి మానేశాడు. మనిషి మిగలడు."

"ఒక్కటి చెప్పు," అన్నాడు. "ఈ నెలంతా అదే ఆలోచిస్తున్నాను. మాట తప్పే మనిషి కాదు వాడు. ఎందుకెళ్ళాడు?"

నిజం నాలుక చివరే ఉంది. నేను పంపాను, ఆ చొక్కా ఇస్త్రీ చేసింది నేను, నీ కొడుకుల మాటెత్తి ఆయన్ని కోసింది నేను. అంతే, నాలుగు ముక్కలు. అవి చెప్పుంటే అన్నీ తిరిగి కుదురుకునేవి, నాకు తెలుసు. కానీ ఆ మనిషి నన్ను కూడా ద్రోహిలా చూస్తాడేమోనని భయమేసింది. నా నోరు, అన్ని చోట్లా పోయే నోరు, అక్కడ పడిపోయింది.

"పెన్షన్ పోతుందని భయపడ్డాడు," అన్నాను.

"భయపడ్డాడా?" అన్నాడు స్రెటెన్ మెల్లగా. ఏదో రాయి దింపినట్టు తల ఊపాడు. "సరే. ఇక వెళ్ళు."

"నేనొచ్చానని ఆయనకి తెలీకూడదు."

"తెలీదులే."

శనివారం పొద్దున కొవ్వొత్తి వెలిగించాం. ఉడికించిన గోధుమలు చక్కెరా వాల్‌నట్లూ కలిపి పళ్ళెంలో గోపురంలా పేర్చాను. పంది మాంసం, క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టిన సార్మా, మూడు రకాల కేకులు, బల్ల మీద ముప్ఫై పళ్ళేలు. గుమ్మం దగ్గర ఇంట్లో ఉన్న చెప్పులన్నీ వరసగా పెట్టాను, ముందు వరసలో గోధుమరంగువి. వుకాషిన్ పెళ్ళినాటి కోటు వేసుకుని బల్ల కొసన నిలబడ్డాడు. స్లావా రోజు ఇంటి యజమాని కూచోడు, అతిథులకి వడ్డిస్తూ నిలబడే ఉంటాడు.

పదకొండింటికి ఓద్వార్ తన గదిలోంచి కాక వీధి తలుపు చుట్టూ తిరిగి వచ్చాడు, అతిథి అలాగే రావాలట. చేతిలో ఏడు పువ్వులు. "సరి సంఖ్య చచ్చినవాళ్ళకి, బేసి బతికున్నవాళ్ళకి," అని గర్వంగా చెప్పి, గోధుమ ఒక చెంచా నోట్లో వేసుకుని, "పండగ శుభం, యజమాని గారూ!" అన్నాడు. వుకాషిన్ అతన్ని కౌగిలించుకుని మూడుసార్లు ముద్దుపెట్టాడు. వదల్లేక వదిలాడు.

పన్నెండైంది. ఒంటిగంటైంది. వీధిలో అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా వుకాషిన్ కోటు సర్దుకునేవాడు. అడుగులు మిలుంకా గేటు దాకా వెళ్ళి ఆగేవి, లేకపోతే సాగిపోయేవి.

"కూచోవయ్యా," అన్నాను. ఇన్నేళ్ళ డ్రైవరు ఉద్యోగానికి కాళ్ళ నరాలు ఉబ్బిపోయి ఉంటాయి ఆయనకి.

"కూచోను."

"ఎవరూ లేరు కదా."

"మాస్టారున్నారుగా."

ఓద్వార్ సార్మాలు ఎనిమిది తిన్నాడు. ముప్ఫై మంది తిండి తనే తినేద్దామనుకున్నాడో ఏమో, చెమటలు పడుతున్నా తింటూనే ఉన్నాడు. రెండైంది, మూడైంది. కొవ్వొత్తి సగానికి దిగింది. నేను వంటింట్లోకి వెళ్ళి తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను.

నాలుగింటికి గేటు చప్పుడైంది. వచ్చినవాడు గడ్డం గీసుకున్నాడు, కొత్త చొక్కా వేసుకున్నాడు. స్రెటెన్!

వుకాషిన్ మొహం అప్పుడు చూడాలి. ఇన్ని వారాల తర్వాత అందులోకి రక్తం వచ్చింది. "రా కూమా, రా," అన్నాడు. స్రెటెన్ చెప్పుల వరస దగ్గర ఆగి, తనవి చూసి, బూట్లతోనే లోపలికొచ్చాడు. అది నేను చూశాను, వుకాషిన్ చూడలేదు. పళ్ళెం ముందు నిలబడి శిలువ గుర్తు వేసుకుని, గోధుమ ఒక చెంచా తిన్నాడు. పండగ శుభం అనలేదు. వుకాషిన్ రాకియా పోశాడు, కూమ్‌కి, మాస్టారికి, తనకి. తన గ్లాసు ముందుకి చాపాడు, కళ్ళలోకి చూస్తూ.

స్రెటెన్ ఆయన వైపు చూడలేదు. గ్లాసు తగిలించలేదు. కొంచెం వంచి, నేను పొద్దున కడిగిన నేల మీద రెండు చుక్కలు పోశాడు.

"దేవుడు మన్నించాలి," అన్నాడు. మిగతాది తాగేశాడు.

ఓద్వార్‌కి ఆ పద్ధతి తెలుసు. పాపం, శ్రద్ధగా నేర్చుకున్నాడు కదా. వెంటనే తేరుకుని, మొహం గంభీరంగా పెట్టి తనూ రెండు చుక్కలు కింద పోసి, ఒక్క తప్పు లేకుండా, "దేవుడు మన్నించాలి," అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు, "ఎవరు పోయారండీ?"

వుకాషిన్ గ్లాసు ఇంకా చాపినట్టే ఉంది. దాన్ని నెమ్మదిగా దించాడు.

"నేనేనండీ మాస్టారూ," అన్నాడు.

స్రెటెన్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఇంకేదో అనబోయాడు. అతను నా వైపు చూశాడు, వుకాషిన్ వైపు కాదు. ఆ క్షణమైనా నోరు తెరవచ్చు. తెరవలేదు. అతను తిరిగి వెళ్ళిపోయాడు, గేటు కూడా వేయకుండా.

వుకాషిన్ ఆ రోజు మొదటిసారి కుర్చీలో కూచున్నాడు. ఓద్వార్ ఏం జరిగిందో అర్థమై, రెండు చేతులతో మొహం కప్పుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు. నేను గుడ్డ తెచ్చి నేల తుడుస్తుంటే పైనుంచి అడిగాడు మా ఆయన, "పెర్సా, వాణ్ణెవరు పిలిచారు?"

నేను తల ఎత్తలేదు. "ఎవరు పిలుస్తారు? స్లావాకి పిలుస్తారా ఎవరైనా?"

"అంటే తనంతట తనే వచ్చాడన్నమాట."

"మరి?"

నేను తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాను. "వచ్చాడు," అన్నాడు చివరికి. "నన్ను చచ్చినవాడి కింద లెక్కేసినా సరే, వచ్చాడు. గడ్డం కూడా గీసుకుని వచ్చాడు, చూశావా?" లేచి రొట్టె తెచ్చాడు. "చేతులు కడుక్కురా. అటు పక్క పట్టుకో."

ఇద్దరం ఆ రొట్టెని మూడుసార్లు తిప్పి, మీద ద్రాక్షసారా పోసి, విరిచాం. ఆ రాత్రి ఆయన అన్నం తిన్నాడు, నెల రోజుల తర్వాత.

ఇది జరిగి పద్నాలుగేళ్ళయింది. స్రెటెన్ మళ్ళీ మా గడప తొక్కలేదు. కిందటేడు పోయాడు, చావుకి వెళ్ళొచ్చాం. అక్కడ వుకాషిన్ రెండు చుక్కలు నేల మీద పోసి, పక్కనున్నవాళ్ళతో ఏటేటా మా స్లావాలో చెప్పే మాటే మళ్ళీ చెప్పాడు. ఊరంతా మొహం చాటేసిన ఏడు, పిలవకుండా మా ఇంటికొచ్చింది మా కూమ్ ఒక్కడేనని. నన్ను చూసి, "కదూ పెర్సా?" అన్నాడు.

"అవును," అన్నాను.